ఫనార్ సినిమా మీద నీళ్లు చల్లినవాడు

చీపురుకు ఏదో అడ్డం తగిలింది. వెంకటి వంగి చూశాడు. రోజూ రాలే పొట్టు కాదది, అరచేయంత సిమెంటు పెచ్చు. తిరగేస్తే లోపలివైపు ఎర్రగా, తుప్పు తిన్న చువ్వ ఒరుసుకున్న గాడి కనిపించింది. ఆ గాడిలో వేలు పెట్టి, నిప్పు తగిలినట్టు తీసేసుకున్నాడు.

తల మాత్రం ఎత్తలేదు. ఎత్తితే పైనున్న స్లాబు తన కళ్లలోకి చూస్తుందని భయం. పిచ్చికుక్క ఎదురైతే ఏం చెయ్యాలో చిన్నప్పుడు తండ్రి చెప్పాడు. దాని కళ్లలోకి చూడొద్దు, ఉరకొద్దు, నీ పనేదో నువ్వు చేసుకుంటున్నట్టు పక్కకు జరగాలి. వెంకటి అట్లాగే జరిగి, దుమ్మంతా చేటలోకి ఎత్తి, పెచ్చును చెత్తడబ్బా అడుగున దూర్చి, దాని మీద వాడేసిన టీకప్పులు కుమ్మరించాడు. టీకొట్టు అచ్చిబాబు వచ్చేలోపల ఈ పని అయిపోవాలి. రంజాన్ నెల వెళ్లిన కాణ్నుంచి అతనికి రోజూ ఇట్లాగే తెల్లవారుతోంది.

నయీమ్ పేట ఇరుకు సందులన్నీ దాటి, రోడ్డు కొంచెం ఒళ్లు విరుచుకునే చోట ఉంది ఫనార్ సినిమా. కట్టిన రోజుల్లో అది మనామా పట్నానికి పొలిమేర. అవతల ఖర్జూర తోటలు, వాటి అవతల సముద్రం ఉండేవట. ఫనార్ అంటే ఓడలకు దారిచూపే దీపస్తంభం. పేరుకు తగ్గట్టే ముందు మూలన ఒక సిమెంటు రెక్క మేడను మించి పైకి లేచి ఉంటుంది. ఆ రెక్క మొదట్లోంచి గోడ గుండ్రంగా వంపు తిరుగుతుంది. గోడకు ఓడల్లో ఉండేలాంటి గుండ్రటి కిటికీలు. పై అంతస్తులో ఆడవాళ్లు కూర్చునే వరసలకు గాలి తగిలేలా సిమెంటు పువ్వుల జాలీ. అన్నిటికంటే వింత ఆ ముందరి స్లాబు. పైకెక్కితే అదే డాబా, కింద నిలబడితే అదే నీడ. గోడలోంచి పుట్టి కాలిబాట మీదికి, కింద ఒక ఎడ్లబండి నిలిపినా ఇంకా చోటు మిగిలేంత దూరం చాచుకుని ఉంటుంది. కింద ఒక్క స్తంభం లేదు.

వెంకటి దాన్ని మొదటిసారి చూసింది సఖీర్‌లో కార్ల పందేల దారి పరిచే రోజుల్లో. జగిత్యాల దిక్కు నుంచి మేస్త్రి పనికి వచ్చిన పడుచువాడు. శుక్రవారం వస్తే క్యాంపు బస్సులో అందరూ ఇక్కడికి దిగేవాళ్లు. మిగతావాళ్లు టికెట్ల వరసలో తోసుకుంటుంటే ఇతను మాత్రం స్లాబు కింద నిలబడి, స్తంభాలేవని వెతికాడు. ఇది దేన్ని పట్టుకుని నిలబడ్డదిరా అని ఆశ్చర్యపోయాడు. ఆ ఆశ్చర్యమే ఇప్పుడు భయమైంది.

తర్వాత కంపెనీ మారింది, వీసాకు పూచీ ఉండే కఫీల్ మారాడు. ఆ కఫీల్ దగ్గర పని నరకమైతే ఒకనాడు బట్టల సంచితో బయటికి నడిచాడు. పారిపోయాడని కేసు పడింది. అట్లా కాగితాల్లేకుండా తిరిగేవాణ్ని ఇక్కడ అందరూ ఖల్లివల్లి అంటారు. ఖల్లివల్లికి ఒళ్లంతా చెవులే. బూటు చప్పుడు వింటే గుండె ఆగుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే సీఫ్‌లో పెద్ద మాళ్లు లేచి, వాటిలో చల్లటి సినిమా హాళ్లు తెరిచాక ఫనార్‌కు జనం రావడం మానేశారు. హాలుకు తాళం పడింది. ఆ తాళానికి కాపలాగా, ఎవరూ అడగని చోట, ముసలి యజమాని వెంకటిని పెట్టుకున్నాడు.

ముసలాయన పోయాడు. ఇప్పుడు కొడుకు యూసుఫ్ దీన్ని బాగుచేయించి, ముందు కాఫీ దుకాణం, లోపల పాత సినిమాలు పెడతానంటున్నాడు. "ఇంజనీరు చూసి బాగుందంటే పని మొదలు. నిన్ను నా పేరు మీద వీసాలోకి తీసుకుంటా, కేసు కూడా తీయిస్తా" అని మాట ఇచ్చాడు. కాగితం చేతికొస్తే చాలు. తలెత్తుకుని విమానం ఎక్కి ఊరికి పోయి, మళ్లీ తలెత్తుకుని రావచ్చు. ఇన్నేళ్లుగా వెంకటి కోరిన కోరిక అదొక్కటే. ఆ ఇంజనీరు వచ్చేది ఇవాళే.

"ఏం మావా, పెళ్లివారు దిగుతున్నట్టు ఊడ్చేత్తున్నావు?" అచ్చిబాబు షట్టరు ఎత్తుతూ అరిచాడు. అమలాపురం దగ్గరి మనిషి. స్లాబు కింద గోడకు ఆనించి అతని టీకొట్టు, దాని ముందు రెండు బల్లలు.

"ఇయ్యాల ఇంజినీరు వస్తడు గద తమ్మీ."

"రానీ. మన తెలుగోడేనంట. యాలక్కాయ దంచేసి ఓ కరక్ టీ పోత్తే, బిల్డింగు ఇంకో వందేళ్లుంటదని రాసిచ్చెళ్లిపోతాడు."

అచ్చిబాబు నవ్వాడు. వెంకటి నవ్వలేకపోయాడు. అచ్చిబాబు నెత్తికి సరిగ్గా పైన, తెల్లగా సున్నం కొట్టిన ఆ చోటే ఉంది తను దాచింది.

ఊరి నుంచి భార్య దుర్గవ్వ ఫోను చేసింది. తెర మీద ఆమె ముఖం, వెనక బీడీల చేట.

"ఏందయ్యా, కండ్లు గట్ల గుంజుకపోయినయ్?"

"నిద్ర పట్టలే."

"ఎవలన్న ఏమన్న అన్నరా?"

"ఎవలేమంటరే. ఉక్కపోత."

"కాయితం అయితనే ఒక్కపారి వచ్చి పో. ఈ ఫోన్ల నీ ముఖమే గని కాళ్లు కనవడయ్. నీ కాళ్లెట్లుంటయో మర్సిపోయిన."

వెంకటి ఫోను కిందికి వంచి కాళ్లు చూపించాడు. ఆమె ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో తెలియలేదు, ఇటువైపు నుంచి యూసుఫ్ కారు హారన్ వినబడి ఫోను కట్టేశాడు.

ఇంజనీరు సోమేశ్వరరావు సన్నటి మనిషి. చేతిలో చిన్న సుత్తి, నెత్తిన పసుపు టోపీ. మర్యాదస్తుడు. "ఏ ఊరయ్యా మీది?" అని అడిగి, జవాబు విని, "మా అక్కను కరీంనగర్ ఇచ్చాం" అన్నాడు. ఆ ఒక్క మాటకే వెంకటి తాళంచెవి వెతికే వంకతో ముఖం తిప్పుకున్నాడు. పరాయివాణ్ని మోసం చెయ్యడం ఒక తీరు. చుట్టరికం కలిపినవాణ్ని చెయ్యడం ఇంకో తీరు.

తాళం తీసి టార్చిలైటు పట్టుకుని ముందు నడిచాడు. హాల్లో ఎప్పటి వాసనే, పాత గుడ్డ, పావురాల రెట్ట. తాత ముచ్చట వచ్చేసరికి యూసుఫ్ గొంతులో ఉత్సాహం వచ్చింది. హిందీలో చెబుతున్నాడు. కట్టినప్పుడు దీనికి పైకప్పే లేదట. నాలుగు గోడలు, బెంచీలు, పైన ఆకాశం. ముత్యాల పడవల్లో పనిచేసి ముసలైపోయిన వాళ్లు, నూనె కంపెనీ కూలీలు, అందరూ చలికాలం కంబళ్లు కప్పుకుని చూసేవాళ్లట. కొన్నేళ్లకు ఇనుప దూలాలు వేసి రేకులు కప్పారు. ఆకాశం పోయిందని జనం బెంగపడితే, తాత రేకుల కింద తెల్లటి పూతకప్పు ఒకటి వేలాడదీయించి, దానికి చుక్కల్లా కంతలు పెట్టించి, వాటి వెనక దీపాలు పెట్టించాడట.

వెంకటి టార్చి పైకి తిప్పాడు. సగం చుక్కల్లో పావురాలు గూళ్లు పెట్టాయి. సరిగ్గా అప్పుడే రేకులు ఎండకు సాగి టక్కుమన్నాయి. ఆ చప్పుడు రోజూ వినేదే. అయినా వెంకటి చెయ్యి నెత్తిమీదికి పోయింది.

"ఏమయ్యా, దెయ్యాలున్నాయా ఏంటి?" ఇంజనీరు నవ్వాడు.

"లేవు సార్."

ఇంజనీరు గోడలు తడిమాడు. "సముద్రపు రాయి. సున్నంతో కట్టారు. మన తర్వాత కూడా ఉంటుంది." దూలాలు చూశాడు, మెట్లు చూశాడు, జాలీ చూశాడు. అన్నీ బాగున్నాయంటున్నాడు. ప్రతి బాగుకూ యూసుఫ్ ముఖం విచ్చుకుంటోంది. వెంకటి మాత్రం లోపల ఒకటే మొక్కుకుంటున్నాడు: పైకి వద్దు, డాబా మీదికి వద్దు.

డాబా మీదికే వెళ్లారు.

ఎండ కళ్లలో పొడిచింది. నేల మీద అక్కడక్కడా తెల్లటి పొర, చౌడు పొంగిన చేనులా. ఇంజనీరు గొంతుక్కూర్చుని గోరుతో గీకాడు.

"ఇక్కడ నీళ్లు నిలుస్తాయా?"

"నేనే సల్లుత సార్. పొద్దుగూకంగ. సల్లవడుతదని." వెంకటి తొందరగా అన్నాడు. "మా దిక్కు గంతే సార్. ఎండకాలం బంగ్ల మీద నీళ్లు సల్లి పండుకుంటం."

"ఏ నీళ్లు?"

"ఎనుక పాత బాయి ఉన్నది. దానికి మీటరు లేదు."

"ఆ బావి నీళ్లు నోట్లో పోసుకున్నావా ఎప్పుడైనా?"

పోసుకున్నాడు. ఉప్పు కషాయం. కానీ తాగడానికా, తోటకా? స్లాబుకే కదా అనుకున్నాడు. మేస్త్రి పనిలో అతను నేర్చిన మొదటి పాఠం, సిమెంటుకు నీళ్లు తాపినకొద్దీ బలం. కొత్త స్లాబు వేశాక మడి కట్టి రోజుల తరబడి నీళ్లు నిలిపేది తనే. ఆ లెక్కన ప్రతి సాయంత్రం బకెట్లు మోసి, తాను హాయిగా పడుకోవడమే కాదు, ముసలాయన మేడకు బలం పోస్తున్నానని కూడా మురిసిపోయాడు. ఇన్ని ఎండాకాలాలూ.

"ఉప్పునీళ్లయ్యా బాబూ, విషం!" ఇంజనీరు లేచాడు. "లోపలి ఇనుముకు అందిందంటే తుప్పు పడుతుంది, ఉబ్బుతుంది, ఉబ్బి సిమెంటును చీలుస్తుంది. దీనికి కింద స్తంభాలు కూడా లేవు. ఈ చువ్వలే దీని ప్రాణం. కింద పెచ్చులు రాలుతున్నాయా?"

అడిగింది వెంకటినే. జవాబు కోసం ఆగకుండా, తనే చూద్దామని ఇంజనీరు మెట్లు దిగాడు.

పెచ్చులు రాలడం మొదలైనప్పుడు ఎందుకో అతనికి తెలియలేదు. పాతది కదా అనుకున్నాడు. రంజాన్ పగళ్లలో టీకొట్టు మూసి ఉన్నప్పుడు, తడిక అడ్డం కట్టి, చీలికల్లో సిమెంటు కూరి, పైన నున్నగా గిలాబు పూత పూసి, ఆ మీద సున్నం కొట్టాడు. యూసుఫ్ చూస్తే మేడ పనికిరాదంటాడని, వీసా పోతుందని భయపడి చేసిన పని. తాపీ పట్టిన చెయ్యి అందమైనది. అతుకు ఎక్కడుందో అతనికే దొరకదు. కానీ లోపల ఏదో ఊరుకోవడం లేదు. ఆ గిలాబు అంచుల చుట్టూ రోజూ రాలుతోంది. ఎందుకో ఇప్పుడే, డాబా మీద, ఒక ముక్కలో తెలిసింది. ముసలాయన తిండి తిన్న చేతులతోనే అతని మేడకు విషం తాపాడు.

కింద టీకొట్టు ముందు జనం కూడారు. పక్క వీధిలో కట్టడం పనివాళ్లు, టీ పొద్దు. ఇంజనీరు వాళ్లను లేపడం ఇష్టం లేక పక్కలకు నిలబడి అంచున రెండు చోట్ల సుత్తితో తట్టాడు. గట్టిగా పలికింది. మధ్యలోకి, పొయ్యి పైకి, తలెత్తి చూశాడు. తెల్లగా, నున్నగా ఉంది.

"సున్నం ఎవరు వేశారు?"

"నేనే సార్."

"బాగా వేశావు." యూసుఫ్ వైపు తిరిగి, ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. అదృష్టమట, కిందికేమీ దిగలేదట. ఇకమీదట నీళ్లు పొయ్యకుండా చూస్తే చాలునట.

యూసుఫ్ వెంకటి భుజం మీద తట్టాడు. "ముబారక్, వెంకటీ!" తర్వాత ఇంజనీరుతో కారు దగ్గరికి నడుస్తూ చేతులు ఊపి చూపిస్తున్నాడు. ఏసీ యంత్రాలు ఈ డాబా మీదే పెడతాడట. కింద ఇంకా బల్లలు వేస్తాడట. శుక్రవారాలు పాత రోజుల్లాగా ఈ నీడ నిండిపోవాలట.

వెంకటి ఎండలో నిలబడిపోయాడు. పని అయిపోయింది. బతికిపోయాడు. కానీ కాళ్లు ఆ నీడలోకి వెయ్యలేకపోతున్నాడు.

"ఏంటి మావా ఆ ఎండలో? ఈ మధ్య టీ కూడా ఎండలోనే తాగుతున్నావు. మెదడుగానీ కరిగిపోయిందా?" అచ్చిబాబు గ్లాసు చాచాడు. "నీ వీసా టీ. రా, నీడలోకి రా."

బల్ల మీద ఒక పనివాడు టీ తాగేసి, రుమాలు ముఖం మీద వేసుకుని, గోడకు తల ఆనించి కళ్లు మూశాడు. సిమెంటు దుమ్ము పట్టిన బూట్లు ముందుకు చాచుకున్నాడు. కునుకుపాటులో నోరు తెరుచుకుంది. అతని భుజం మీద చిటికెడు తెల్లటి పొట్టు రాలి పడింది. అతనికి తెలియలేదు. ఎవరికీ తెలియలేదు.

వెంకటికి తండ్రి మాట గుర్తొచ్చింది. పరుగెత్తకు, కళ్లలోకి చూడకు, పక్కకు జరుగు. పక్కకు జరిగితే జగిత్యాల దాకా దారి ఉంది. పక్కకు జరిగితే దుర్గవ్వ అతని కాళ్లు చూస్తుంది.

అతను నీడలోకి నడిచాడు.

"ఉఠో భాయ్. లేవుండ్రి. అందరు అవుతల్కి నడువుండ్రి." ఆ గొంతు తనదిలా లేదు. పనివాళ్లు నవ్వారు. వెంకటి నిద్రపోతున్నవాణ్ని రెక్క పట్టుకుని లేపి ఎండలోకి నెట్టాడు. "తమ్మీ, పొయ్యి బంద్ చెయ్యి. ఇవుతల్కి రా."

"ఏమైంది మావా?"

"రమ్మన్ననా లేదా!"

ఆ అరుపుకు కారు దగ్గర ఇద్దరూ తిరిగి చూశారు. కారు బానెట్ మీద పెట్టి ఉన్న సుత్తి తీసుకుని వెంకటి వెనక్కు వచ్చాడు. బల్లెక్కి, రంజాన్ తర్వాత మొదటిసారి పైకి చూశాడు. తన గిలాబు తన ముఖానికి జానెడు దూరంలో ఉంది. కొట్టాడు. లోపల ఏమీ లేనట్టు బోలుగా మోగింది. రెండో దెబ్బకు పూత మొత్తం రేకులా ఊడి, అతని భుజాన్ని చీరుకుంటూ పోయి పొయ్యి మీద పడింది. పాలగిన్నె బోర్లపడింది. పైన చువ్వలు బయటపడ్డాయి. చువ్వలనడానికి లేదు. పొరలు పొరలుగా ఉబ్బి, కొన్నిచోట్ల వేలు పెట్టేంత ఖాళీ.

ఇంజనీరు ముందు వెనక్కు అడుగువేసి, ఆ తర్వాత అరిచాడు. "దిగు! దిగి వచ్చెయ్ బయటికి!"

వెంకటి దిగాడు. భుజం నుంచి నెత్తురు కారుతోంది.

"నువ్వే కప్పెట్టావా?"

"నేనే సార్. నీళ్లు సల్లింది నేనే, గిలాబు జేసింది నేనే. ముసలాయిన పాణమున్నప్పటి సంది సల్లుతున్న."

అచ్చిబాబు తను రోజంతా నిలబడే చోటి పైకి చూసి, వెంకటిని చూసి, అమ్మ మీది నుంచి ఆలి దాకా ఒక తిట్టు అందుకుని, సగంలో ఆపేశాడు. గ్యాసు బండను రోడ్డు మీదికి ఈడ్చాడు.

యూసుఫ్ అరవలేదు. అరిస్తే వెంకటికి తేలిగ్గా ఉండేది. ఇంజనీరు మున్సిపాలిటీ ఆఫీసుకు ఫోను చెయ్యాలన్నాడు, తప్పదన్నాడు. మనుషులు నడిచే బాట ఇది. యూసుఫ్ తలమీది గుత్రా గుడ్డ చివరతో ముఖం తుడుచుకున్నాడు.

"వాళ్లొస్తే వెంట పోలీసులూ వస్తారు. నువ్వు ఇక్కడ ఉండొద్దు వెంకటీ." హిందీలో, నెమ్మదిగా అన్నాడు. "ఇంక నా చేతిలో లేదు. ఎంబసీకి పో. ఊరికి పో. ఖలాస్."

సినిమా మిషన్ గదిలో అతని సామాను ఒక సంచీ. అది తెచ్చుకునేలోపల ఇంజనీరు డాబా మెట్లకు ఎర్ర పట్టీ కట్టేశాడు. అచ్చిబాబు తన పికప్ తీసి, నయీమ్‌లో పరమేశ్ గది దాకా దింపుతానన్నాడు. పరమేశ్ వెంకటి ఊరివాడే. ఎంబసీ కాగితం వచ్చేదాకా గదిలో ఓ మూల చోటిస్తాడు. ఆ తర్వాత వేలిముద్రలు, ఇంక ఈ దేశంలో కాలు పెట్టొద్దనే ముద్ర, విమానం. వెంకటి బండెక్కాడు. ఏదో పోలీసు బండి కూత ఎక్కడో వినబడితే సీటులోకి ఒదిగిపోయాడు.

"పైన ఏమైనా ఉండిపోయిందా మావా?" అచ్చిబాబు స్టీరింగు వైపే చూస్తూ అడిగాడు.

"నిమ్మకాయ తొక్కు. ఎండకు వెట్టిన. ఇంక నాలుగొద్దులైతే తయారైతుండె."

"ఉండు, ఒక్క అంగలో తెచ్చేత్తా."

"వద్దు." వెంకటి అతని మణికట్టు పట్టుకున్నాడు. పట్టు గట్టిగా ఉంది. "నువ్వు దాని మీద అడుగు వెట్టకు. నడు."

బండి మలుపు తిరిగింది. సాయంత్రానికి మున్సిపాలిటీ వాళ్లు వీధి రెండు వైపులా ఇనుప కంచె వేసి, కంచెకు అరబ్బీలో, ఇంగ్లీషులో హెచ్చరిక కట్టి వెళ్లారు. రోడ్డుకు అవతలి నుంచి చూస్తే డాబా పిట్టగోడ మీద, నోటికి పాత బనీను గుడ్డ కట్టిన గాజుసీసా ఒకటి కనిపిస్తుంది. అందులో నిమ్మబద్దలు, ఉప్పు ఊరి పసుపు తిరుగుతున్న రసంలో మునిగి, రేపటి ఎండకు సిద్ధంగా ఉన్నాయి.